వణుకుతున్న మనిషికి గొంగడి కప్పాను

క్యాజువాలిటీలో కొత్తగా ఆయాలుగా చేరే పిల్లలు నన్ను అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "ఆయమ్మా, రక్తం చూస్తే కళ్ళు తిరుగుతయా?" అని. తిరుగుతాయి, ఒక వారం. తర్వాత అలవాటైపోతుంది. అలవాటు కానిది వేరే ఉంది. మన కళ్ళ ముందు మనిషి బాధపడుతుంటాడు. ఆ బాధ ఆపడం మన చేతిలో పని. అయినా ఆపకుండా నిలబడాలి. అది నాకు చివరి ఏడాదిలో గాని తెలియలేదు. ముందే తెలియనందుకు ఒక మనిషి నడక చెడింది, మాట చెడింది. ఆ సంగతి రాయడానికే ఈ కాగితాలు పట్టుకున్నాను.

నా పేరు నరసమ్మ. రాయచూరులో ముప్పై నాలుగేళ్ళు ఆయాగా చేశాను. ఆస్పత్రి పేరు రాయను. తప్పు నాది, ఆస్పత్రిది కాదు. గద్వాలలో మేనమామ ఇంట్లో ఉండి ఐదో తరగతి వరకు చదివాను కాబట్టి తెలుగు అక్షరాలు వచ్చు. ఎప్పుడు పర్మనెంటు అయ్యానో, ఎన్ని అర్జీలు పెట్టానో అవన్నీ మీకు అక్కర్లేదు, వదిలేస్తున్నాను.

మన పని

ఆయా అంటే తుడిచే మనిషి, ఎత్తే మనిషి, కడిగే మనిషి. ఆర్డరు కాగితంలో అంతే ఉంటుంది. కానీ మంచం పక్కన ఎక్కువసేపు ఉండేది మనమే. డాక్టరు మూడు నిమిషాలు నిలబడతాడు, సిస్టర్ సూది వేసి పోతుంది. మిగతా అంతసేపూ రోగి మన మొహం చూస్తూ ఉంటాడు. బతుకుతానా లేదా అని మన మొహంలోనే వెతుక్కుంటాడు.

నేను చేరినప్పుడు హెడ్ సిస్టర్ ఒకామె ఉండేది. కేరళ మనిషి. కన్నడం, తెలుగు కలిపి తిట్టేది. మొదటిసారి బెడ్‌ప్యాన్ పట్టుకుని నేను ముక్కు మూసుకున్నాను. ఆమె వచ్చి తెర లాగి, "ముక్కు నీది, మూసుకో. సిగ్గు ఆయనది, అది కూడా మూయి" అంది. అంతకంటే మంచి పాఠం నేను తర్వాత ఎవరి దగ్గరా వినలేదు.

ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు. రోగి పేరు ఎప్పుడూ అనడు. "మూడో మంచం లివరు" అంటాడు. ఆ మూడో మంచం ముసలాయన ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "బిడ్డా, నా లివర్‌కు ఛాయ్ తాగబుద్ధి అయితుంది. డాక్టర్‌ను అడిగి చెప్పు" అన్నాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

అట్లాంటి డాక్టర్లను చూసి చూసి నాకు ఒక గర్వం పట్టుకుంది. వాళ్ళకు చదువుంది, నాకు చేయి ఉంది అనుకునేదాన్ని. నా చేయి వెచ్చగా ఉంటుందని ఆస్పత్రిలో పేరు. నెలలు నిండని పిల్లలు నా చేతిలో పెట్టగానే ఏడుపు ఆపేవాళ్ళు. చివరి గడియల్లో ఉన్నవాళ్ళకు కాళ్ళు చల్లబడతాయి కదా, మా వైపు అప్పుడు అరికాళ్ళకు శొంఠిపొడి రుద్దుతారు. ప్రాణం కాళ్ళ నుంచే జారిపోతుందనీ, కాళ్ళు వెచ్చగా ఉంటే ఇంకాసేపు ఆగుతుందనీ నమ్మకం. నా కొంగు ముడిలో శొంఠిపొడి పొట్లం ఎప్పుడూ ఉండేది. సిస్టర్లు చూసీ చూడనట్టు పోయేవాళ్ళు. చుట్టాలు మాత్రం లోపలికి రాగానే "నరసమ్మక్క ఉందా డ్యూటీల?" అని అడిగేవాళ్ళు.

అన్నేళ్ళలో నా చేతికి తెలిసింది ఇంతే: చల్లబడితే చావు, వెచ్చబడితే బతుకు.

గ్లవ్స్

రాయచూరు ఎండ గురించి రాయచూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండదెబ్బ తగిలినవాళ్ళు వస్తూనే ఉంటారు. సుధాకర్ డాక్టరు వచ్చాక వాళ్ళను చూసే పద్ధతి మారింది. ఆయన మాన్వి వైపు క్యాంపు పిల్లవాడు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్నారు, ఆ ఊళ్ళనే క్యాంపులంటారు. ఆయన తెలుగు వేరు, మా తెలుగు వేరు. "నరసమ్మగారూ" అని గారు తగిలించి పిలిచేవాడు. మొదట్లో నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసేదాన్ని.

ఎండదెబ్బ మనిషి రాగానే బట్టలు తీసేయాలి, ఒంటి మీద తడిగుడ్డ వేయాలి, రెండు పక్కలా ఫ్యాన్లు పెట్టాలి, చంకల్లో గజ్జల్లో ఐస్ పెట్టాలి. ఆ ఐస్ మా పని. రబ్బరు గ్లవ్స్‌లో నీళ్ళు నింపి, మణికట్టు దగ్గర ముడివేసి, ఫ్రీజర్‌లో పెట్టేవాళ్ళం. మరుసటి రోజుకు ఐదు వేళ్ళతో రాయిలాగా గడ్డకట్టి ఉండేవి. పలచని గుడ్డ చుట్టి రోగికి పెట్టేవాళ్ళం. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒకామె పెరుగు డబ్బా పెట్టుకుందామని ఫ్రీజర్ తెరిచి, ఆ చేతులన్నీ చూసి కేక వేసింది. ఆ నవ్వు నెల రోజులు నడిచింది.

ఈరన్న

ఆరేళ్ళ కింద, మే నెల, మధ్యాహ్నం రెండు దాటింది. ఈరన్నను టెంపోలో తెచ్చారు. ఇరవై నాలుగేళ్ళవాడు. కల్మల అవతల పల్లె. బియ్యం మిల్లులో హమాలీ. లారీకి బస్తాలు ఎత్తుతూ పడిపోయాడు. తాగి పడ్డాడనుకుని మిల్లువాళ్ళు గంటసేపు గోడ నీడలో పడేశారట. మా దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు పెనం. చెమట చుక్క లేదు. నోట్లో ఏవో పిచ్చి మాటలు. సిస్టర్ రేణుక మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూసింది. నూట ఏడు దాటింది.

డాక్టరు, రేణుక, నేను కలిసి అన్నీ చేశాం. కాసేపటికి నూట మూడుకు దిగింది. ఇంతలో బయట కేకలు. ఆటో బోల్తా పడి ఆరుగురిని తెచ్చారు. డాక్టరు అటు పరుగెత్తాడు. రేణుక పోతూ పోతూ నాతో అన్నది అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"ఆయమ్మా, ఐస్ తియ్యొద్దు. గుడ్డ తడుపుతా ఉండు. లోపల వేడి ఇంకా దిగలే. వణుకు వస్తే నన్ను పిలువు, దానికి సూది ఉంది."

సరేనన్నాను.

పది నిమిషాలకు వాళ్ళమ్మ తిమ్మమ్మ వచ్చింది. చేనులో నుంచి అట్లే వచ్చినట్టుంది, చేతులకు మట్టి, చంకలో మూట. కొడుకును చూసి గుండెలు బాదుకుంది.

"అక్కా, ఏందిది? నా కొడుకును సన్నీళ్ళల్ల నానబెట్టిండ్రు?"

"ఎండదెబ్బకు గిట్లనే చేస్తరమ్మా. కూసో."

"ఎండకు పడ్డోనికి నీళ్ళు తాపిస్తరు గాని ఐసుల పండబెడ్తరా? చూడు, పండ్లు ఎట్ల కొడుతుండో."

నిజమే. ఈరన్నకు వణుకు మొదలైంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. ఇనుప మంచం కాళ్ళు నేల మీద చప్పుడు చేస్తున్నాయి.

"కాళ్ళు పట్టి చూడక్కా, సల్లగైనయి. పోతుండు నా కొడుకు. నీ కాళ్ళు మొక్కుత. నీకు పిల్లలు లేరా?"

పాదం పట్టి చూశాను. చావు దగ్గరికొచ్చిన వాళ్ళ పాదాలు ఎన్ని పట్టానో, అన్నిటిలాగే ఉంది. గోళ్ళు నల్లబడ్డాయి.

రేణుక పది అడుగుల దూరంలో, తెర అవతల ఉంది. ఆమె గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. పిలవలేదు. ఎందుకు పిలవలేదని ఎన్నోసార్లు అడుక్కున్నాను. పిలిస్తే ఆమె వచ్చి సూది వేస్తుంది, ఐస్ మాత్రం అట్లే ఉంచుతుంది. నాకు ఐస్ తీయాలని ఉంది. అందుకే పిలవలేదు.

నాలుగు గ్లవ్సూ తీసి సింకులో పడేశాను. తడిగుడ్డ లాగి పొడి టవలుతో ఒళ్ళంతా తుడిచాను. ఫ్యాన్లు గోడవైపు తిప్పాను. తిమ్మమ్మ మూటలో గొర్రె బొచ్చు గొంగడి ఉంది, అది మెడ దాకా కప్పాను. కొంగు ముడి విప్పి శొంఠిపొడి తీశాను. చెరో కాలు పట్టుకుని ఇద్దరం రుద్దాం. వణుకు తగ్గింది. కాళ్ళు వెచ్చబడ్డాయి. మొహం ప్రశాంతంగా అయింది. తిమ్మమ్మ నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది.

అప్పుడు నేను ఏమనుకున్నానో దాచను. చదువుకున్నవాళ్ళకు తెలియనిది నాకు తెలిసింది అనుకున్నాను.

అరగంట అయి ఉంటుంది. ఈరన్న కళ్ళు పైకి పోయాయి. ఒళ్ళు విల్లులాగా వంగింది. ఫిట్స్.

"కరిగిపోయినయి సార్"

రేణుక పరుగెత్తుకొచ్చి గొంగడి లాగేసింది. థర్మామీటరు మళ్ళీ నూట ఆరు చూపించింది. వెనకే డాక్టరు వచ్చాడు.

"ఐస్ ఎవరు తీశారు?"

"కరిగిపోయినయి సార్" అన్నాను.

"కరిగితే కొత్తవి పెట్టాలిగా! ఈ గొంగడేంటి?"

"వాళ్ళమ్మ కప్పింది సార్. నేను నీళ్ళకు పోయిన."

ఒక్క ఊపిరిలో రెండు అబద్ధాలు. తిమ్మమ్మ నన్ను కాపాడుతున్నాననుకుని తల ఊపింది. డాక్టరు రేణుక వైపు తిరిగాడు. "నీ పేషెంటు కదమ్మా! ఆయాకి అప్పజెప్పి పోతావా?" అని అందరి ముందూ కేకలేశాడు. ఆమె నోరు తెరిచి, నా మొహం చూసి, మూసుకుంది. మరుసటి వారం ఆమెకు మెమో ఇచ్చి క్యాజువాలిటీ నుంచి వార్డుకు మార్చేశారు. నేను రోజూ ఆ వార్డు ముందు నుంచే చెత్త బుట్టలు తీసుకుపోయేదాన్ని. తల వంచుకుని పోయేదాన్ని.

ఈరన్న బతికాడు. రెండు వారాల తర్వాత లేపి నిలబెడితే, కాలు ఒకచోట వేయబోతే ఇంకోచోట పడింది. గ్లాసు నోటి దగ్గరికి తెస్తే ముక్కుకు తగిలింది. మాట సాగి సాగి, ముద్దగా వచ్చింది. తల వెనక నడకను, చేతి పట్టును సర్దే చోటు ఒకటి ఉంటుందనీ, అది వేడికి దెబ్బతిన్నదనీ డాక్టరు చెప్పాడు. తిమ్మమ్మకు అర్థమైంది వేరే. "ఐసు పెట్టి నరాలు సంపిండ్రు. మా అక్క తియ్యకుంటే మనిషే దక్కకపోవు" అని ఆస్పత్రి మెట్ల మీద నిలబడి చెప్పుకుంది.

విన్నాను. మెట్లు తుడుస్తున్నాను, తుడవడం ఆపలేదు.

మిరపకాయల సంచి

అప్పటి నుంచి ప్రతి ఏడూ మిరప కోతలయ్యాక తిమ్మమ్మ నా కోసం ఎండు మిరపకాయల సంచి మోసుకొచ్చేది. వద్దంటే వినేది కాదు. ఆ కారం మా ఇంట్లో అన్నేళ్ళూ తిన్నాం.

సంచి దించి, గోడకు ఆనుకుని కూర్చుని చెప్పేది. "వాన్ని ఊర్ల అందరు తాగుబోతు అంటుండ్రక్కా. సుక్క ముట్టడు. తూలుకుంట నడుస్తడు, మాట తిరగదు కద, గదే సాలు వాళ్ళకు. ఇగ మిల్లు ముకద్దం అయితే, 'ఆ పొద్దు తాగే పడ్డడు, ఎండ లేదు గిండ లేదు' అని చెప్తుండు. కూసోని సంచులు కుట్టే పని గూడ ఇయ్యడు. పిల్లనిస్తమన్నోళ్ళు మల్ల రాలే."

ముకద్దం అంటే హమాలీల పెద్ద. ఎవరికి పని ఇవ్వాలో అతని మాటే.

"ఐసు చేసింది అని నేను చెప్తున్న, ఎవ్వరు ఇంటలేరు. నువ్వు కండ్లార చూసినవు. ఐసే కదక్కా?"

"ఏమో చెల్లె, దేవుడెట్ల రాసిండో" అనేదాన్ని. దేవుడి మీద పెట్టడం ఎంత తేలికో! ఆమె పోయేటప్పుడు ఇంకో మాట అనేది. "మా ఊర్ల ఎవరికి ఎండ తగిలినా రాయచూరు పోవద్దని చెప్తున్న. గొంగడి కప్పి, కాళ్ళకు శొంఠి రుద్దున్రి, నరసమ్మక్క గట్లనే బతికిచ్చింది అని చెప్తున్న."

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఛాయ్ పెట్టి ఇచ్చాను.

డాక్టరు చెప్పిన పాఠం

పోయిన ఏడు వేసవికి ముందు సుధాకర్ డాక్టరు మా డి గ్రూపు వాళ్ళను, అంటే ఆయాలను, వార్డుబాయ్‌లను అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. మామూలుగా ఆ క్లాసుల్లో మేం నిద్రపోతాం. ఆ రోజు నేను నిద్రపోలేదు.

"మెదడు అడుగున శనగగింజంత చోటు ఒకటుంది. కాలువ మీద లస్కరు ఉంటాడు చూడండి, ఏ గేటు ఎత్తాలో ఏది దించాలో చూసే మనిషి? అది ఒంట్లో వేడికి లస్కరన్నమాట. మనం పైన ఐస్ పెట్టామనుకోండి, చర్మం చల్లగా తగిలేసరికి చలొచ్చిందనుకుంటాడు. లోపల నిప్పులు ఉన్నా సరే. రక్తాన్ని చేతుల నుంచీ కాళ్ళ నుంచీ లోపలికి లాగేస్తాడు, వణుకు పుట్టిస్తాడు. వణుకంటే ఏంటి? ఒళ్ళు పొయ్యి వెలిగించుకోవడమే. మనం ఆర్పుతుంటాం, వాడు వెలిగిస్తుంటాడు."

ఎవరో అడిగారు. "మరి ఆ లస్కర్‌నే నిద్రపుచ్చొచ్చు కద సార్?"

ఆయన నవ్వాడు. "అదే ప్రయత్నం ఇప్పుడు జరుగుతోంది. కడుపుతో ఉన్నవాళ్ళకి స్కానింగు చేస్తారుగా, అది చెవికి వినపడని శబ్దం. అలాంటి శబ్దాన్ని, భూతద్దంతో ఎండని ఒక్క చుక్కకి తెచ్చినట్టు, పుర్రె బయట నుంచే ఆ శనగగింజ మీదికి పంపుతున్నారు. కోత లేదు, సూది లేదు. ఎలుకల్లో చూశారు. ఆ లస్కరు ఒప్పుకున్నాడట, ఒళ్ళు దానంతటదే చల్లబడిందట. గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్నవాళ్ళని కూడా పెద్దాస్పత్రుల్లో చల్లబరుస్తారు. వాళ్ళకి రేపు పనికొస్తుందేమోనని ఆశ. మనుషుల దాకా వస్తుందో రాదో చెప్పలేం. రాయచూరుకి ఎప్పుడొస్తుందో అసలు చెప్పలేం. అందాకా వణుకుకి మన దగ్గరున్నది సూది, దాన్ని టైముకి వేయించే మీ కళ్ళు."

నేను చేయి ఎత్తాను. "సార్, గొంగడి కప్పితే వణుకు తగ్గుతది కద?"

"తగ్గుతుంది నరసమ్మగారూ. ఆ లస్కరు గెలిచాడు కాబట్టి తగ్గుతుంది. కాళ్ళు వెచ్చబడతాయి, మొహం తేటగా అవుతుంది, చూసేవాళ్ళకి హాయిగా ఉంటుంది. లోపల మెదడు ఉడుకుతుంటుంది."

మొహం ప్రశాంతంగా అయింది అని నేను పైన రాశాను కదా. ఆ మొహం అప్పుడు కళ్ళ ముందుకొచ్చింది. అంతవరకు నేను చేసింది తప్పని తెలుసు, ఎట్లా తప్పో తెలియదు. తెలియకపోవడంలో కొంచెం నీడ ఉండేది. అది కూడా పోయింది. క్లాసు అయ్యాక ఆయన దగ్గరికి పోయి చెప్పాలని రెండుసార్లు లేచాను. చివరికి కుర్చీలు సర్ది ఇంటికి వచ్చాను.

మల్లి

ఈ వేసవిలో, నేను రిటైరు కావడానికి నెల ముందు, పట్టపగలు ఒక ఆటో వచ్చి క్యాజువాలిటీ ముందు ఆగింది. గొంగడిలో చుట్టిన పిల్లను దించారు. వెనకాల తిమ్మమ్మ దిగింది. ఆ పిల్ల ఈరన్న చెల్లెలు మల్లి. అన్న బస్తాలు మోయలేడు కాబట్టి ఇంటికి సంపాదన ఆ పిల్లదే. ఉద్యోగ ఖాత్రి, అంటే ఉపాధి హామీ పనిలో కాలువ పూడిక ఎత్తుతూ పడిపోయింది. మొదట ఇంటికి తీసుకుపోయి శొంఠి రుద్దారట. స్పృహ రాకపోతే అప్పుడు తెచ్చారు.

నా గ్లవ్స్ చూడగానే తిమ్మమ్మ బిడ్డ మీద అడ్డంగా పడిపోయింది.

"ఐసు దగ్గరికి తెచ్చినవంటే చూడు! ఒకన్ని చేసింది సాలదా మీకు? అక్కా, నువ్వే ఉన్నవా, దేవుడున్నడు. చెప్పు వీళ్ళకు! లేకుంటే తీస్కపోత. ఆటో ఇంక పోలే."

"అమ్మా, ఇప్పటికే ఆలస్యమైంది. పిల్ల దక్కదు" అని డాక్టరు బతిమాలుతున్నాడు. ఆమె గొంగడి కొస వదలదు. ఆయన నా వైపు తిరిగాడు. "నరసమ్మగారూ, మీరంటే నమ్మకం ఆవిడకి. ఒక్క మాట చెప్పండి."

ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు.

"తిమ్మమ్మా" అన్నాను. "ఈరన్నకు ఐసుతోని కాలే. ఐసు నేనే తీసేసిన. సిస్టర్ తియ్యొద్దని చెప్పి పోయింది. వణుకు వస్తే పిలువు అన్నది, నేను పిలువలే. గొంగడి నేను కప్పిన. కప్పినంక వేడి మల్ల ఎక్కింది. ఫిట్స్ గప్పుడే వచ్చె. డాక్టర్ అడిగితే అబద్ధం చెప్పిన. నీకు గూడ అన్నేండ్లు అబద్ధమే చెప్పిన."

"ఏమంటున్నవే?"

అక్కా అనలేదు.

"నన్ను తర్వాత చెప్పుతోని కొట్టు. ముందు పిల్ల మీదికెల్లి లెయ్యి."

ఆమె నన్ను అట్లే చూస్తూ, మెల్లగా లేచి గోడ దాకా వెనక్కి పోయింది. డాక్టరు ఒక్క క్షణం నన్ను చూశాడు, తర్వాత పనిలో పడ్డాడు. కాసేపటికి మల్లికి వణుకు వచ్చింది. మంచం కదిలిపోయేంత వణుకు. నా చేతులు గొంగడి వైపు పోలేదని చెప్పను, పోయాయి. వెనక్కి లాక్కుని "సిస్టర్!" అని అరిచాను. ఆ అరుపుకు క్యాజువాలిటీ అంతా తిరిగి చూసింది. సిస్టర్ సూది వేసింది. వణుకు తగ్గింది, ఐస్ ఐస్ చోటే ఉంది.

మూడో రోజు మల్లి గోడ పట్టుకోకుండా బాత్రూం దాకా నడిచింది. నేను దూరం నుంచి ఆ పిల్ల అడుగులు లెక్కపెట్టాను.

డాక్టరు నన్ను గదిలోకి పిలిచి, "ఈరన్నకి జరిగిందంతా మీ వల్లేనని చెప్పలేను, మిల్లులోనే గంట పోయింది. మీ వల్ల ఏమీ కాలేదనీ చెప్పలేను" అన్నాడు. గారు పెట్టి పిలవలేదు. పైవాళ్ళకు రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు, ఇచ్చాను. రేణుక దగ్గరికి పోయాను. ఆమె ఇప్పుడు వార్డు ఇన్‌చార్జి. దుప్పట్లు మడతపెడుతూ, తల ఎత్తకుండా అంది: "నాకు ఆ పొద్దే తెలుసు ఆయమ్మా. గ్లవ్స్ సింకుల గట్టిగనే ఉండె. కరిగినయంటివి." మరి ఎందుకు చెప్పలేదంటే, "నువ్వే చెప్తవనుకుంటి" అంది. ఇంకో దుప్పటి తీసుకుంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

చేరబోయే పిల్లలకు ఇక్కడే చెప్పేస్తాను. దయ మంచిదే, కానీ దయకు తొందర ఎక్కువ. మీ చేతికి తెలిసింది చర్మం వరకే. లోపలి సంగతి థర్మామీటరుకు తెలుసు, సిస్టర్‌కు తెలుసు. అనుమానం వస్తే గొంతెత్తి పిలవండి. తప్పు చేస్తే ఆ రోజే చెప్పండి. ఆ రోజు చెబితే మెమో ఇస్తారు. తర్వాత చెబితే ఎవరూ ఏమీ ఇవ్వరు, మీరే మోసుకు తిరగాలి.

హోటలు ముందు

మల్లి డిశ్చార్జి రోజు తిమ్మమ్మ కాళ్ళ మీద పడబోయాను. ఆమె పక్కకు జరిగింది. "నాకెందుకు చెప్తవు? పోయి వానికి చెప్పు" అంది.

రిటైరయిన మర్నాడు లింగసుగూరు బస్సెక్కి వాళ్ళ ఊరు పోయాను. ఈరన్న గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. ఒక్కో గింజకు మూడుసార్లు వేళ్ళు తప్పిపోతున్నాయి. తిమ్మమ్మ లోపల ఉంది, బయటికి రాలేదు. నేను నేల మీద కూర్చుని మొదటి నుంచి చెప్పాను. అతను పని ఆపి, నా నోరే చూస్తూ విన్నాడు.

చింతపండు పక్కకు జరిపి నోరు విప్పాడు. ఒక్కో మాటకూ మెడ నరాలు తేలుతున్నాయి.

"ఐతే పెద్దమ్మా... నేను... తాగి... పడలే?"

"లేదు బిడ్డా. ఎండకు పడ్డవు. గంట మిల్లోళ్ళు పోగొట్టిండ్రు, తర్వాతది నేను చేసిన. నువ్వు ఏం చెయ్యలే."

"నా మీద... నాకే... అనుమానం ఉండె. ఆ పొద్దు... యాదికి లేదు కద."

ఈ మాట నేను ఊహించలేదు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. ఊరంతా అంటుంటే, తాగే పడ్డానేమో అని తనే అనుకుంటూ వచ్చాడు.

లేచాడు. గోడ పట్టుకుని చెప్పులు వెతుక్కున్నాడు. "నడువు" అన్నాడు.

బస్సు ఆగే చోట హోటలు. బెంచీల మీద పది పన్నెండు మంది ఉన్నారు. ఈరన్న కాళ్ళు అటొకటి ఇటొకటి వేస్తూ ముందు, నేను వెనక. చేయి పట్టుకోబోతే విదిలించాడు. మమ్మల్ని చూసి ఒకతను గ్లాసు ఎత్తి పట్టుకుని, "ఏం ఈరన్న, పొద్దుగాల్నే షురూ చేసినవా? ఈ సారి తోడు గూడ తెచ్చినవే!" అన్నాడు. అందరూ నవ్వారు.

ఈరన్న నా వైపు తిరిగి, "చెప్పు" అన్నాడు.

చెప్పాను. నా పేరు, నా పని, ఐస్, గొంగడి, శొంఠి, సింకు, అబద్ధం. వణుకు వస్తే పిలవమన్న సిస్టర్‌ను పిలవకపోవడం. ఎండదెబ్బకు గొంగడి కప్పొద్దని, అది నా పేరు మీద ఊళ్ళో నడుస్తున్న తప్పు మాట అని చెప్పాను. నవ్వు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. చివర్లో ఒక ముసలాయన, "ఇన్నేండ్లు ఏడ వోయినవమ్మా?" అని అడిగాడు. బెంచీ కొసన కూర్చోబోయాను.

ఈరన్న కూర్చోనివ్వలేదు. రోడ్డు మీద అప్పుడే మోటారు సైకిలు ఆపి దిగుతున్న మనిషి వైపు వేలు చూపించాడు. వేలు అటూ ఇటూ ఊగి, ఎట్లాగో ఆ మనిషి మీద నిలిచింది.

"గాయన... మిల్లు ముకద్దం. ఇనలే. మొదటికెల్లి... చెప్పు."

కొంగు సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టాను.